నా దగ్గర ఉంది

తెలుగులో ఒక చిత్రమైన లోటుంది. అది లోటో, పూర్వపుణ్యమో చివరిదాకా చదివి మీరే చెప్పండి. ఇంగ్లీషువాళ్ళు ‘హ్యావ్’ అనే ఒక్క ముక్కతో భర్తనీ, మేడనీ, జ్వరాన్నీ, జరీచీరనీ కూడా స్వాధీనం చేసేసుకుంటారు. మనకా సదుపాయం లేదు. ‘నాకు ఇద్దరు పిల్లలున్నారు’ అంటాం. ‘నాకు జ్వరంగా ఉంది’ అంటాం. ‘నా దగ్గర వంద రూపాయలున్నాయి’ అంటాం. ‘కలిగియుండుట’ అనే మాటుందిగా అంటారేమో! ఉంది, దస్తావేజుల్లోనూ కొన్ని అనువాదాల్లోనూ. ‘నేను రెండు కిలోల కందిపప్పు కలిగియున్నాను’ అని పక్కింటావిడ అంటే ఆవిడకేసి కాస్త ఆందోళనగా చూడమూ?

అంచేత తెలుగులో వస్తువు మన గుప్పెట్లో ఉండదు, మన దగ్గర ఉంటుంది. వచ్చి పక్కన కూర్చున్న చుట్టంలాగన్నమాట. అలాగని ‘నాది’ అనే మాట మనకి తెలియదని కాదు. ఆ మాట కోసం అన్నదమ్ములు కోర్టుల చుట్టూ చెప్పులరిగేలా తిరగడం మనకి కొత్తేమీ కాదు. అయితే ‘నాది’ అనడానికీ, ‘నా దగ్గర ఉంది’ అనడానికీ మధ్య ఎంత దూరం ఉంది? ఈ ప్రశ్న నాకు వ్యాకరణం పుస్తకంలోంచి రాలేదు. కొత్తగూడలో ఉన్న మా వదిన ఫ్లాట్లోంచి వచ్చింది.

కొత్తగూడ తెలియనివారికి కాస్త చెప్పాలి. హైదరాబాదుకి పడమటగా, కొండాపూర్‌ని ఆనుకుని, బొటానికల్ గార్డెన్ పక్కన ఉంటుంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్కసారి రెక్కలొచ్చాయి. ఇప్పుడక్కడ ఎటు చూసినా గాజుమేడలు, వాటి మధ్య 2023 కొత్త సంవత్సరం రోజున ప్రారంభించిన ఫ్లైఓవరు, దాని కింద ఎప్పటికీ తెమలని ట్రాఫిక్కు. ఆ హడావుడిలోంచి ఓ సందులోకి తిరిగితే ఇరవై ఏళ్ళనాటి అపార్టుమెంటు ఒకటుంది. మూడో అంతస్తులో మా వదిన. కాలింగ్ బెల్లు నొక్కేదాకా అది కొత్తగూడే. తలుపు తెరుచుకున్నాక మాత్రం ఎక్కడికొచ్చామా అనిపిస్తుంది.

హాల్లో ఒక గోడ పొడుగునా చేర్యాల పటం. ఖద్దరు గుడ్డకి సుద్దమట్టీ, చింతగింజల అంబలీ, జిగురూ కలిపి పట్టించి, ఆరాక దాని మీద ఎర్రటి రంగు వెనక పరిచి, కథ కథంతా వరసగా బొమ్మలు వేస్తారు నకాషీవారు. కథ చెప్పేవాళ్ళు ఆ చుట్టని ఊళ్ళో విప్పుకుంటూ పాడేవారు. కిటికీ పక్కన బిదిరీ సురాహి. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, దాంట్లో వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టితో రుద్ది నల్లబరిస్తే, చీకట్లో మల్లెపందిరిలా ఉంటుంది. భోజనాలబల్ల వెనక కాళహస్తి కలంకారీ. కరక్కాయా గేదెపాలూ పట్టిన గుడ్డమీద వెదురు కలంతో గీసిన రామాయణం. దేవుడి గదిలో అద్దం మీద వేసిన కృష్ణుడు, అలమారులో తాటాకుల కట్ట, టీవీ పక్కన తొండం విరిగిన కొండపల్లి అంబారీ ఏనుగు. మూడు పడగ్గదుల ఫ్లాట్లో గోడలు కనపడవు. క్యాలెండరు తగిలించుకోడానికి చోటు లేక వదిన దాన్ని వంటింట్లో ఫ్రిజ్జుకి అంటించుకుంది.

ఇవన్నీ కొన్నది మా అన్నయ్య. నవాబు కాదు, బ్యాంకు ఉద్యోగి. అరియర్స్ వస్తే ఒక పటం, బోనస్ వస్తే ఒక దీపపుసెమ్మె. అలా ముప్ఫై అయిదేళ్ళు. కొన్ని మాత్రం వాళ్ళ తాతగారి నాటివి. మొదట్లో అవన్నీ చిక్కడపల్లిలో డంగుసున్నంతో కట్టిన రెండంతస్తుల పాత ఇంట్లో ఉండేవి. ఆ గోడలు రెండడుగుల మందం, ఆ మెట్లు చీకటి, పై గదిలో పట్టపగలు కూడా చల్లదనం. అన్నదమ్ముల పంపకాలతో 2004లో ఆ ఇల్లు బిల్డరు చేతికి పోయింది. వస్తువులు మాత్రం లారీ ఎక్కి కొత్తగూడ వచ్చాయి.

అన్నయ్య పోయి రెండేళ్ళయింది. పెద్దవాడు డల్లాస్‌లో, చిన్నవాడు సిడ్నీలో. ఇద్దరూ మంచి పిల్లలు, ఆదివారం ఆదివారం ఫోను తప్పరు. పోయిన సంక్రాంతికి పెద్దవాడు అన్నాడట: “అమ్మా, ఒక్కదానివీ ఎన్నాళ్ళుంటావ్? ఫ్లాటు అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్. ఆ సామాన్ల సంగతి ఏదో ఒకటి చూద్దాంలే.”

వదిన నాతో చెప్పుకుని బాధపడింది. “అమ్మమన్నందుకు కాదే అమ్మాయీ. వాడన్నదాంట్లో తప్పేముంది? వీటిని సామాన్లన్నాడు చూడు, అక్కడే నాకు ఎలాగో అయిపోయింది.”

ఫ్లాటు సంగతి తేలికే. అది వదిన పేరుమీదే ఉంది. ఈ వస్తువుల సంగతే ఏ కాగితంలోనూ లేదు. ఇవి ఎవరివి? కొన్నవాడివా, అతను లేడు. భార్యవా? వీటిని ఆవిడ ఎన్నడూ కోరలేదు, అరియర్స్‌తో ఒక జత గాజులు కొనమంది. పిల్లలవా? వాళ్ళకి అక్కర్లేదు. పోనీ, అక్కర్లేని వాళ్ళవి కాకూడదని ఎవరన్నారు?

ఇలాంటి ప్రశ్న మా ఇంటికి మాత్రమే వచ్చిందనుకోకండి. మన ఊళ్ళోనే ఇంతకు వెయ్యింతలుగా వచ్చింది. చార్మినారుకి కూతవేటు దూరంలో దివాన్ దేవిడీ అని సాలార్‌జంగుల నివాసం ఉండేది. మూడో సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912 నుంచి 1914 దాకా నిజాముకి దివాను. ఆ పదవి పోయాక ఆయనకి లోకంలో ఇంకో వ్యాపకం లేకపోయింది. దేశదేశాల బొమ్మలూ, గడియారాలూ, తివాచీలూ, కత్తులూ, గ్రంథాలూ తెప్పించి ఇల్లంతా నింపాడు. మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ అంతకుముందే ఆ ఇంటికి వచ్చింది. దాన్ని చెక్కినవాడు ఇటలీ శిల్పి బెంజోని, కొన్నవాడు తాతగారైన మొదటి సాలార్‌జంగు, 1876లో రోములో. మనవడికి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. 1949 మార్చిలో ఆయన పోయేనాటికి అంత ఇంట్లో మిగిలినవి వస్తువులే.

అవి ఎవరివి? 1951 డిసెంబరు 16న నెహ్రూగారొచ్చి ఆ ఇంట్లోనే మ్యూజియం ప్రారంభించారు. తరవాత బంధువులూ, ప్రభుత్వమూ, కోర్టూ. చివరికి 1958లో హైకోర్టు డిక్రీ మీద జరిగిన రాజీతో బంధువులు మొత్తం సేకరణని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అంది. 1968లో అవన్నీ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలిపోయాయి. 40,000కి పైగా వస్తువులు! ఈనాటికీ గంటగంటకీ లోపలినుంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ గడియారం ముందు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని జనం నిలబడతారు. నవాబుగారి గడియారం ఇప్పుడు వాళ్ళ గడియారం. బాగానే ఉంది.

కానీ దివాన్ దేవిడీ ఏమైంది? చాలామటుకు నేలమట్టమైంది. ఇవాళ ఆ పేరుతో ఉన్నది దుకాణాల బజారు. మనలో ఎంతమందో అక్కడ చీరలు బేరమాడి ఉంటాం, కింద ఎవరి ఇల్లుండేదో తలుచుకోకుండానే. అంటే ఇల్లు పోయింది, వస్తువులు మిగిలాయి. చిక్కడపల్లి కథే, కాకపోతే పెద్ద అక్షరాల్లో.

ఇల్లూ వస్తువులూ రెండూ మిగిలిన కథ ఒకటి లండన్లో ఉంది. సర్ జాన్ సోన్ అని పేరున్న వాస్తుశిల్పి. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే చోట వరసలో మూడు ఇళ్ళు కొని, మళ్ళీ కట్టుకుని, బొమ్మలతో శిలలతో నింపేశాడు. గోడలు చాలక, తలుపుల్లా తెరుచుకునే గోడలు పెట్టించి, ఒకదాని వెనక ఒకటిగా పటాలు తగిలించాడు. మా వదినకి ఈ ఉపాయం తెలిస్తే క్యాలెండరు బాధ తప్పేది! ఆయనకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ తనలాగే శిల్పులు కావాలని, ఆ ఇంట్లో తన తరవాత వాళ్ళుండాలని కోరిక. పెద్దవాడు 1823లో పోయాడు. చిన్నవాడు జార్జికీ తండ్రికీ పడలేదు. 1815లో ఆ కొడుకు తన పేరు పెట్టకుండా తండ్రి కట్టడాలని వెక్కిరిస్తూ పత్రికలో రాశాడు. అదే ఏడు తల్లి కన్ను మూసింది. ఆ రాతలే ఆవిణ్ణి పొట్టన పెట్టుకున్నాయని తండ్రి నమ్మాడు. చివరికి 1833లో పార్లమెంటు చేత ప్రత్యేకంగా ఒక చట్టం చేయించాడు. తను పోయాక ఆ ఇల్లు తను వదిలినది వదిలినట్టే దేశానికి చెందాలని! 1837లో ఆయన పోయాడు. ఇల్లు అలాగే ఉంది. ఈనాటికీ టిక్కెట్టు లేకుండా ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఆ కొడుక్కి మాత్రం అది వారసత్వంగా దక్కలేదు.

చూశారా, ‘నాది’ అన్న మాట గట్టిగా పట్టుకుంటే ఎంత దూరం పోతుందో! అది దేశానికి దానం కావచ్చు, కొడుకు మీద కసీ కావచ్చు. రెండూ ఒకే కాగితం మీద ఒకే సంతకంతో జరగొచ్చు. చూడ్డానికి వెళ్ళే మనకి దానమే కనిపిస్తుంది.

అయితే ఇల్లో వస్తువులో మనుషులో, ఏదో ఒకటి పోక తప్పదా? అక్కర్లేదనడానికి మళ్ళీ మన హైదరాబాదులోనే సాక్ష్యం ఉంది. గగన్‌మహల్ రోడ్డులో జగదీశ్ మిట్టల్‌గారి ఇల్లు. ఆయనా, ఆయన భార్య కమలగారూ శాంతినికేతన్ కళాభవన్‌లో చదువుకున్న చిత్రకారులు. ఆయన 1951లో ఇక్కడికొచ్చి ఇక్కడివాడే అయిపోయారు. సంస్థానాలు లేవు, జాగీర్లు లేవు. ఉన్నదల్లా చూసే కన్ను. పదిమందీ పాతసామాను అనుకున్నవాటిలో దక్కనీ చిత్రాలూ, బిదిరీ పాత్రలూ, అద్దకపు గుడ్డలూ ఏరి తెచ్చుకున్నారు. 1976లో ఒక ట్రస్టు పెట్టి ఆ సేకరణని దానికి ఇచ్చేశారు. అప్పటికి ఆయనకి ఇంకా యాభై ఒకటో ఏడే. ఆ తరవాత దాదాపు యాభై ఏళ్ళు, 2025 జనవరిలో తొంభై తొమ్మిదో ఏట పోయేదాకా, తనవి కాని తన వస్తువుల మధ్యనే ఆయన జీవించారు. వాటి గురించి రాశారు, అడిగినవారికి చెప్పారు.

మనం గమనించాల్సింది ఇంకోటుంది. ఆ మ్యూజియం పేరు ‘జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం ఆఫ్ ఇండియన్ ఆర్ట్’. భార్య పేరు ధన్యవాదాల పేజీలో అడుగున కాదు, బోర్డు మీద ఉంది. మన ఇళ్ళల్లో భర్తగారి అభిరుచికి భార్య దుమ్ము దులుపుతుంది. అక్కడ ఇద్దరిదీ ఒకే అభిరుచి కాబోలు, లేక దుమ్ము దులపడం కూడా అభిరుచిలో భాగమేనని ఆయన ఒప్పుకున్నారు కాబోలు.

పోయేముందు ఇవ్వడం వేరు, యాభై ఏళ్ళు ఇంకా బతకాల్సి ఉండగా ఇచ్చేసి, ఇచ్చినదాని దగ్గర కూర్చోవడం వేరు. ‘నా దగ్గర ఉంది’ అనే మాటకి నిలువెత్తు అర్థం అదే అనిపిస్తుంది నాకు.

చట్టం కూడా కొంత ఇలాగే మాట్లాడుతుంది తెలుసా? పురావస్తువులూ, కళాఖండాల చట్టం అని 1972లో చేశారు. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నూరేళ్ళు దాటిన బొమ్మలూ, చిత్రాలూ, కళావస్తువులూ పురావస్తువులు. వ్రాతప్రతులకైతే డెబ్బై అయిదేళ్ళు చాలు. కొన్ని రకాలవి ఇంట్లో ఉంటే నమోదు చేయించుకోవాలి. మామూలు మనుషులెవరూ వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. ఇది విన్నాక వదిన కాసేపు మాట్లాడలేదు. ఆ తాటాకుల కట్టా, తాతగారి నాటి సురాహీ డల్లాస్ వెళ్ళవన్నమాట. కొడుకుతో తల్లి వెళ్ళొచ్చు, సురాహి వెళ్ళలేదు. డబ్బు మీది, బిల్లు మీది, బీరువా తాళం మీది, అయినా పూర్తిగా మీది కాదు సుమా అంటోంది చట్టం. దగ్గరుంచుకోండి, జాగ్రత్తగా చూసుకోండి, అంతే.

ఇక్కడ నన్ను ఎవరైనా నిలదీస్తే బాగుండుననిపిస్తుంది. మీలో ఒకరు నిలదీసే ఉంటారు కూడా. ‘ఏమమ్మా, ఆడవాళ్ళకి ఈ వేదాంతం కొత్తగా చెబుతున్నావా? మాకు నాది అనుకునే యోగం ఎప్పుడుండి ఏడిచింది? పుట్టింటిది అన్నదమ్ములది, అత్తింటిది మొగుడిది, ఒంటిమీద నగలు రేపు కోడలివి. పుట్టిన దగ్గర్నుంచీ అన్నీ మా దగ్గర ఉన్నవే, మావైనవి ఏవీ?’

నిజమే. ఆ మాటకి తల వంచాల్సిందే. ‘ఏదీ మనది కాదు’ అన్న నీతి అన్నీ ఉన్నవాడు ఏమీ లేనివాళ్ళకి చెప్పినంత సులువుగా మరెవరూ చెప్పలేరు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమంగా జన్మహక్కు వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి. దేశమంతటా రావడానికి 2005 దాకా పట్టింది. నిన్నగాక మొన్న చేతికొచ్చిన ‘నాది’ అనే మాటని ఇవాళే వదిలేసుకోమనడం న్యాయం కాదు. పైగా తనది కానిదాన్ని ఎవరూ దానమివ్వలేరు. మిట్టల్ దంపతులు ఇవ్వగలిగారంటే, ముందు అది వాళ్ళదైతేనే కదా!

అంచేత ఈ రెండు మాటల్లో ఒకటి ఉంచుకుని రెండోది పారేయమని నేననను. ఏ మాట ఎవరి ముందు అనాలో తెలియాలంటాను. మనుషులతో మాట్లాడేటప్పుడు ‘నాది’ అనే అనాలి, గొంతు తగ్గించకుండా. ఆ వస్తువు ఎదురుగా మనమొక్కరమే ఉన్నప్పుడు మాత్రం ‘నా దగ్గర ఉన్నావు’ అనుకోవాలి. ఆ సురాహిలో వెండి తీగ పొదిగినవాడి చేతులు బీదరులో ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. అన్నయ్యా పోయాడు. వదినా పోతుంది, మీరూ నేనూ పోతాం. అది మాత్రం ఎవరో ఒకరి కిటికీ పక్కన ఉంటుంది. దాని ప్రయాణంలో మనమొక మజిలీ.

పోనీ, దగ్గరుండి చూసుకునేవాళ్ళదే వస్తువు అని తేల్చేద్దామా? వదిన ఇంట్లో ఆ లెక్కన అవన్నీ పనిమనిషివి కావాలి. పన్నెండేళ్ళనుంచీ రోజూ వాటిని ముట్టుకుంటున్నది ఆ మనిషే. ఏ దీపపుసెమ్మెకి ఏ మర వదులో, ఏ పటానికి ఏ మూల చెదపట్టబోయిందో ఆమెకే తెలుసు. వదిన ఒకరోజు మనసు పొంగి, “నీకు నచ్చింది ఒకటి తీసుకోవే” అంది. ఆమె హాలంతా ఓసారి కలయజూసి, పడగ్గదిలో ఉన్న ఇనప్పెట్టెలాంటి పాత బీరువా చూపించి, “గా బీరువ ఇయ్యమ్మా. ఇవి నాకెందుకు? తుడిసి తుడిసి పానం యాష్టకొచ్చింది” అందట!

వదిన నవ్వుతూ చెప్పింది గానీ, నాకు ఆ మాట చాలారోజులు వదల్లేదు. అందం మధ్య బతకడం ఒకటి, అందానికి చాకిరీ చేయడం ఒకటి. మనం వస్తువుల్ని పూజించుకునే ఇళ్ళల్లో ఎవరో ఒకరి నడుము విరుగుతూ ఉంటుంది. ఒకప్పుడు అది ఇల్లాలిది, ఇప్పుడు జీతానికి వచ్చే మనిషిది. ‘మనమొక మజిలీ’ అని నాలాంటివాళ్ళు తీరిగ్గా రాసుకునేటప్పుడు, ఆ మజిలీ ఊడ్చేదెవరో కూడా గుర్తుంచుకోవాలి. పిల్లలకి వస్తువుతో పాటు ఆ చాకిరీ కూడా వారసత్వంగా వస్తుంది. వద్దనే హక్కు వాళ్ళకి ఉంది. మా పెద్దవాడు వద్దన్నాడని వాణ్ణి రసికత లేనివాడని అనలేను. బీరువా మాత్రం వదిన ఆ నెల్లోనే ఆటో ట్రాలీ మాట్లాడి పంపించేసింది.

మరి ‘సామాన్లు’ అన్న మాట అంతగా ఎందుకు గుచ్చుకుంది? దానికి జవాబు ఎండాకాలం సెలవుల్లో దొరికింది. చిన్నవాడి కూతురు, తొమ్మిదేళ్ళది, సిడ్నీ నుంచి వచ్చింది. చేర్యాల పటం ముందు నిలబడి, “బామ్మా, వీళ్ళంతా ఎవరు? ఎక్కడికి వెళ్తున్నారు?” అంది. వదినకి తెలియలేదు. ముప్ఫై ఏళ్ళనుంచి ఆ పటం కింద కూర్చుని కూరలు తరుక్కుంది, అడిగితే ఆయన చెప్పేవాడు కదా అనుకుంది. అన్నయ్య డైరీలు తిరగేస్తే ఒకచోట రెండు వాక్యాలు దొరికాయి. అది పద్మశాలీల కులకథ, భావనారుషిది. కూనపులివారు అనే కథకులు మగ్గాల ఊళ్ళల్లో ఆ పటం విప్పి చెప్పేవారు. అంతే. ఆ రెండు వాక్యాలు చదివాక పిల్ల ఆ పటం దగ్గర్నుంచి కదలదు. మగ్గం ఏదీ, నూలు ఏదీ, రాక్షసుడేడీ అంటూ వేలితో వెతుకుతుంది.

రెండు వాక్యాలు ఆ డైరీలో లేకపోతే? పటం పటంలాగే ఉండేది. రంగు వెలిసేది కాదు, చెద పట్టేది కాదు. కానీ సామానయ్యేది. వస్తువు చచ్చిపోవడానికి నిప్పూ నీళ్ళూ అక్కర్లేదు. దాని కథ తెలిసిన ఆఖరి మనిషి పోతే చాలు. కథ తెలియని కొడుకు దాన్ని సామాను అన్నాడంటే, అబద్ధమేమీ ఆడలేదు. వాడికి ఇచ్చింది మనం వస్తువేగానీ కథ కాదు మరి.

వదిన ఇప్పుడు ఒక రెండువందల పేజీల నోటుబుక్కు కొనుక్కుంది. వస్తువుకో పేజీ. ఎక్కడిది, ఎవరు చేశారు, ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకి కొన్నారు, ఆ నెల ఇంట్లో ఏం తక్కువైంది. ఈ చివరిది ఆవిడ సొంత శీర్షిక. ‘సురాహికి అంచు సరిచేయించిన నెల, చిన్నవాడి స్కూలు ఫీజు ఆలస్యం’ అని నేనే చదివాను. ఏ మ్యూజియం క్యాటలాగులోనూ ఇలాంటి గడి ఉండదు. ఉంటే ఎంత బావుండును!

పిల్లలతో కూడా తేల్చి చెప్పింది. “నేనున్నన్నాళ్ళూ ఫ్లాటు అమ్మను, అది నాది. వస్తువుల్లో నూరేళ్ళవి ఇక్కడే ఉంటాయి, నమోదు సంగతి కనుక్కుంటున్నాను. మిగతావాటిలో మీకు కావాల్సినవి చెరో రెండు తీసుకోండి. కానీ దాని పేజీ మీ చేత్తో మీరు కాపీ రాసుకోవాలి, ఫోటో తీసుకుంటే ఒప్పుకోను.” చిన్నవాడు పటం అడిగాడు, కూతురి కోసం. పెద్దవాడు ఏం కోరుకున్నాడో తెలుసా? తొండం విరిగిన కొండపల్లి ఏనుగుని. ఇల్లు మొత్తానికి చవకది. దాని పేజీ ఎవరూ రాయక్కర్లేదు, ఆ తొండం విరగ్గొట్టింది వాడే.

మిగిలినవి? ఆవిడ తేల్చుకోలేదింకా. తేల్చుకోనక్కర్లేదని నేనూ అనుకుంటాను. ఏదైనా మ్యూజియానికి పోవచ్చు, ఏదైనా మళ్ళీ బజారుకే పోవచ్చు. దానితో ఆ పేజీ చింపి పంపించగలిగితే అదే పదివేలు.

మన ఇళ్ళల్లో బిదిరీలూ పటాలూ లేకపోవచ్చు. అయినా ఈ విద్య మనకి తెలియనిది కాదు. వంటింటి అటక మీద ఉన్న ఇత్తడి బిందెని ఓసారి దింపి చూడండి, పాత స్టీలు కేరేజీ మూత తిప్పి చూడండి. చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంటుంది. ఆ పేరు చాలాసార్లు మనది కాదు. పెళ్ళిలో చదివించిన మేనత్తది, పేరంటానికి పంచిన పక్కింటావిడది, పుట్టింటివాళ్ళు సారెతో పంపిన ఏడు. నా దగ్గర ఓ మరచెంబు ఉంది. దానిమీద మా అమ్మమ్మ పేరూ, 1951 అనే అంకెలూ ఉన్నాయి. రోజూ దాంట్లో నీళ్ళు తాగుతున్నాను. చెంబు నాదేనా అంటే నాదే. పేరు మాత్రం ఆవిడది. ఇంట్లో అలాంటివి నాలుగుంటే, ఈ వారం తీరిక చేసుకుని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేర్లు చదివించండి. చుక్కలు అరిగిపోయినవాటికి మీరే చెప్పండి.